మద్ది బెరడు: రంగు పరీక్ష నిరూపించున దేమి?

పాలంపేట రామప్పగుడి చుట్టునున్న అడవుల సీమలో మద్ది సుపరిచితమైన వృక్షము. వాగుల ఒడ్డున పెరుగు తెల్లమద్ది బెరడును ఆయుర్వేదము హృద్రోగములకు వాడుచున్నది. అందు టానినులు, ఫ్లేవనాయిడులు పుష్కలముగా గలవు. ఇవి ఆక్సీకరణ నిరోధకములు. కావున బెరడు కషాయము సర్వరోగ నివారిణియని కొందరు ప్రచారము చేయుచున్నారు. ఈ వాదము పరిశీలింపదగినది.

దీనికి ఆధారముగా చూపు పరీక్ష సులభమైనదే. డి.పి.పి.హెచ్. అను ఊదారంగు ద్రావణములో బెరడు సారమును కలుపుదురు. సారములోని ఫీనాలులు ద్రావణములోని స్వేచ్ఛా ప్రాతిపదికలకు హైడ్రోజను నీయగా, ఊదారంగు పోయి పసుపుపచ్చనగును. ఇంతవరకు సత్యమే. కాని పరీక్షనాళిక వేరు, మానవదేహము వేరు. టానినుల పెద్ద అణువులు ప్రేగులనుండి రక్తములోనికి స్వల్పముగానే చేరును. ఆక్సీకరణ నిరోధకమైన బీటా కెరోటిన్‌ను ఫిన్లండులో పొగత్రాగు పురుషుల కీయగా, ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా 18 శాతము హెచ్చినట్లు 1994లో వెల్లడియైనది.

మరియొక సంగతి గలదు. ఆకులు తయారుచేసిన ఆహారమును వేళ్లకు చేర్చునది బెరడు లోపలి పొరయే. మానుచుట్టు బెరడును పూర్తిగా ఒలిచినచో వేళ్లకు ఆహారమందక చెట్టు ఎండిపోవును. కావున రంగు మారుటను మాత్రమే నమ్మి బెరడు ఒలువరాదు. ఏ మోతాదున, ఏ రోగికి, ఎంత మేలు కలిగినదో మనుష్యులపై జరిగిన పరీక్షలే తేల్చవలెను.