పచ్చదనం మొదలయ్యే హద్దు

శాన్‌డియాగో నుంచి ఇంటర్‌స్టేట్ 8 మీద తూర్పుకు వెళితే నాలుగు వేల అడుగుల ఎత్తున్న కనుమలు దాటి, బండరాళ్ల గుట్టల నడుమ నుంచి ఎడారిలోకి దిగుతాం. కాసేపటికే ఇంపీరియల్ లోయలో లూసర్న్ గడ్డి, లెట్యూస్ మళ్లు కనిపిస్తాయి. కొండలు వెనకబడ్డాక నేల మంచిదైందని కారులో ఉన్నవారికి అనిపిస్తుంది. కానీ పైరు మొదలయ్యేది వెస్ట్‌సైడ్ మెయిన్ కాలువ దాటాకే. రోడ్డు ప్రయాణాన్ని లోకం తెలుసుకునే సాధనగా భావించేవారు తప్పక ఆగి చూడాల్సిన చోటు ఆ కాలువగట్టేనని నా నమ్మకం.

గట్టుకు రెండు వైపులా ఎండ ఒకటే, ఏడాదికి మూడు అంగుళాలైనా దాటని వాన ఒకటే. తేడా తెచ్చింది కొలరాడో నది. ఇంపీరియల్ డ్యామ్ దగ్గర మళ్లించిన నీరు ఆల్ అమెరికన్ కాలువలో 80 మైళ్లు నడిచి వస్తుంది. లోయలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది కనుక పల్లానికి తనంత తానే పారుతుంది. ఆ పల్లమే ముప్పు కూడా. 1905లో అప్పటి పాత కాలువ తలదగ్గర తవ్విన గండిలోంచి నది మొత్తం లోయలోకి మళ్లింది. 1907లో దాన్ని పూడ్చేసరికి సాల్టన్ సీ అనే సరస్సు మిగిలింది. చవుడు తేలకుండా పొలాల అడుగున వేసిన గొట్టాలు లాగేసే ఉప్పునీరు నేటికీ అందులోకే చేరుతుంది.

ఇంత లెక్క తెలిస్తే చూపులోని ఆనందం పోతుందని కొందరంటారు. నాగార్జునసాగర్ ఆయకట్టు చివరి రైతును అడగండి: నీరెలా వచ్చిందో తెలిసినవాడికే పచ్చటి చేను ఎక్కువ ఆనందం. ఎడారిలో సేద్యమే దుబారా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, కాలిఫోర్నియాకు కొలరాడోలో ఉన్న 44 లక్షల ఎకరా అడుగుల వాటాలో 31 లక్షలు ఈ ఒక్క ఇంపీరియల్ ఇరిగేషన్ జిల్లావే. అయితే చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో పెద్ద భాగం ఈ ఎడారి లోయల్లోనే పండుతుంది. పైగా 2003 ఒప్పందం ప్రకారం ఇక్కడి రైతులు పొదుపు చేసిన నీటిలో పెద్ద వాటా శాన్‌డియాగోకే పోతోంది. పొదుపు పెరిగితే సరస్సుకు చేరే నీరు తగ్గుతుంది. అడుగు బయటపడి, దుమ్ము లేచి, చుట్టుపక్కల ఊళ్లవారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కాబట్టి శాన్‌డియాగో నుంచి బయలుదేరినవారు, అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలతో సహా, ఈ దారిలో వట్టి చూపరులు కారు. వారి ఇంటి కుళాయికి ఈ పొలాలతో లంకె ఉంది. ఎవరి నీరు ఎవరికి ఎంత ధరకు అన్న నిర్ణయాల్లో వారి ఓటుకూ పాత్ర ఉంది. చూసి తెలుసుకున్నవారే ఆ ఓటును న్యాయంగా వేయగలరు.