లెక్కలోని ఎండ, పెట్టెలోని ఎండ

వేసవిలో మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు రోజులు కలవు. అట్టి మధ్యాహ్నము బోరుబావి ప్రక్కనున్న మోటారు స్టార్టరు పెట్టెను ముట్టినచో చేయి చురుక్కుమనును. ఆ రేకు పెట్టెలోని ఎలక్ట్రానిక్ వలయము వేడికి ఆగిపోయినచో పైరుకు నీరుండదు. వలయమును తయారుచేయకముందే దాని గుణమును లెక్కకట్టి చూపు సాఫ్టువేరు ఒకటి కలదు. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

దాని పేరు స్పైస్. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వమున లారెన్స్ నేగెల్ దీనిని రూపొందించి, 1973లో వెల్లడించెను. దాని సంతతియైన ఎన్‌జీస్పైస్ నేడు ఉచితముగా లభించుచున్నది. ఉష్ణోగ్రతను ఒక్క పంక్తిలో వ్రాసినచాలు, వలయమంతయు ఆ వేడిలో నున్నట్లు లెక్కించును. ఏమియు వ్రాయనిచో 27 డిగ్రీలని భావించును. మే నెల పగటిపూట మనకు 27 డిగ్రీలెక్కడివి?

దీని సుగుణమును ముందు చెప్పవలెను. వేడి ఒక డిగ్రీ పెరిగినచో సిలికాన్ డయోడుపై వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. ఎదురుదిశలో కారు విద్యుత్తు ఇంచుమించు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపగును. ఇట్టి మార్పులను స్పైస్ చక్కగా చూపును.

ఇక లోపములు. మొదటిది, మనము వ్రాసిన అంకెనే అది ప్రతి భాగముయొక్క ఉష్ణోగ్రతగా గ్రహించును. నీడలో గాలి 45 డిగ్రీలైనచో, ఎండలోని పెట్టె లోపల 60 ఉండవచ్చును. అందొక ట్రాన్సిస్టరు ఒక వాటు వేడిని వెలువరించుచు, వాటుకు 50 డిగ్రీలు వేడెక్కు రకమైనదనుకొందము. దాని గర్భమున 110 డిగ్రీలుండును. విద్యార్థి 45 అని వ్రాసినచో ఆ లెక్క వేరొక వలయమునకు చెందినదగును. సాధారణ నమూనాలలో ఈ స్వయంతాపము చేరియుండదు.

రెండవది ఇంకను పెద్దది. సాధారణ చిప్పులను 0 నుండి 70 డిగ్రీల వరకు, పరిశ్రమలకైనవానిని -40 నుండి 85 వరకు, సైన్యమునకైనవానిని -55 నుండి 125 వరకు వాడుట పరిపాటి. ఈ హద్దులు దాటిన అంకె వ్రాసినను స్పైస్ హెచ్చరింపదు. ఒక్కొక్కప్పుడు గణన ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు నిబ్బరముగా సమాధానమిచ్చును. శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-3 ల్యాండరు 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగెను. అచట ధ్రువప్రాంతపు రాత్రి చలి -200 డిగ్రీలకు చేరగలదు. ఇంకను చలిలో, -240 డిగ్రీల ప్రాంతమున, సిలికానులో కలిపిన మాలిన్య పరమాణువులు తమ ఎలక్ట్రానులను విడువవు. స్పైస్‌లోని సామాన్యమైన డయోడు నమూనాకు ఈ సంగతియే తెలియదు.

కావున ఉపాధ్యాయులకొక మనవి. ఒక డయోడును పలుచని ప్లాస్టిక్ సంచిలో నుంచి, మంచునీటిలోను, 50 డిగ్రీల వేడినీటిలోను ముంచి, మల్టీమీటరుతో దాని వోల్టేజి చూడుడు. సుమారు పదవవంతు వోల్టు భేదము కనిపించును. పిదప అదే లెక్కను స్పైస్‌తో చేయించుడు. రెండును సరిపోలినంతమేరకే దానిని నమ్ముట శాస్త్రపద్ధతి. లెక్క కొలతకు తోడు. కొలతకు బదులు కాదు.