తలుపు మీద కంప్యూటర్

ఖరీదైన కంప్యూటర్‌ను డిజైన్ చేసేవాళ్లకు ఖర్చుతో పేచీ ఉండదు. చవక రకం చేసేవాళ్లకు ఏమేం వదిలేయాలో ముందే తెలుసు. చిక్కంతా మధ్యస్థాయి డెస్క్‌టాప్ దగ్గరే. దాన్ని కొనేవాడు ఉన్న డబ్బుకు సరిపడా ఇప్పుడు తీసుకుంటాడు, వీలైనప్పుడు ర్యామ్ పెంచుకుంటాడు, తర్వాతెప్పుడో ఇంకో హార్డ్ డిస్క్ పెట్టిస్తాడు. అంటే ఆ కేబినెట్‌ను విప్పక తప్పదు. ఈ ఒక్క సంగతిని పట్టుకుని యంత్రమంతా దాని చుట్టూ అల్లిన డిజైన్ ఒకటుంది. 1999 జనవరిలో యాపిల్ బయటపెట్టిన నీలం, తెలుపు రంగుల పవర్ మ్యాక్ జీ3 అది.

స్టీవ్ జాబ్స్ 1997లో తిరిగొచ్చేనాటికి యాపిల్ మోడళ్లు కొనేవాళ్లకే అంతుపట్టనన్ని ఉండేవి. వాటిని ఆయన నాలుగుకు కుదించాడు: మామూలు వాడకందార్లకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్, వృత్తిపనివాళ్లకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్. మొదటిది 1998 నాటి ఐమ్యాక్, ధర 1,299 డాలర్లు. వృత్తిపనివాళ్ల డెస్క్‌టాప్‌గా వచ్చిన ఈ జీ3 ధర 1,599 డాలర్ల దగ్గర మొదలైంది, మానిటర్ వేరే. ఆ ధరకు 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్ వచ్చేవి. ర్యామ్‌ను 1 జీబీ దాకా పెంచుకోవచ్చు.

అంతకుముందు సంగతి తెలిస్తేనే దీని విలువ తెలుస్తుంది. పవర్ మ్యాక్ 8500లో ర్యామ్ వేయాలంటే మదర్‌బోర్డునే బయటికి లాగాల్సి వచ్చేది. 1997 నాటి 8600, 9600 మోడళ్లు ఆ బాధ కొంత తప్పించాయి. పీసీల వైపూ సుఖం లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల అసెంబుల్ చేయించుకున్న ఆ రోజుల కేబినెట్లను విప్పినవాళ్లకు స్క్రూలు వెతుక్కోవడం, రేకు అంచుకు వేళ్లు తెగడం మామూలే.

జీ3 కుడిపక్క పలక పైభాగంలో గుండ్రటి గుంట, అందులో ఒక రింగు ఉంటాయి. రింగులో వేలు దూర్చి ఎత్తి లాగితే గడియ విడుతుంది. పలక మొత్తం కింది అంచునున్న కీళ్ల మీద తిరిగి, బల్ల మీద వెల్లకిలా పరుచుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో పని లేదు. మదర్‌బోర్డును బిగించింది ఆ పలకకే. ఫ్రిజ్ తలుపు తీస్తే అరల్లోని సీసాలు దానితోపాటే బయటికొచ్చినట్టు ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లు, నాలుగు పీసీఐ స్లాట్లు వెలుతురులోకి వస్తాయి. కార్డులు నిటారుగా నిలబడి ఉంటాయి, పట్టుకుని పైకి లాగడమే.

ఇంత సులువు వెనక పెద్ద లెక్కే ఉంది. వెనక వైపు పోర్టులు కూడా బోర్డుతో కలిసే కదులుతాయి కాబట్టి కేబుళ్లు పీకక్కర్లేదు. తలుపు తెరిచినా యంత్రం నడుస్తూనే ఉంటుంది; కార్డు మార్చాలంటే మాత్రం ఆపాల్సిందే. మూడు హార్డ్ డిస్కులు పట్టే చోటును కేబినెట్ అడుగున, కీళ్లకు దగ్గరగా ఉంచారు. తలుపు తిరిగేటప్పుడు ఆ దగ్గర కదలిక తక్కువ, అందుకని వాటి పట్టీ కేబుళ్లు మడతపడి విప్పారితే చాలు. బరువైన పవర్ సప్లై తలుపుకు వేలాడకుండా పైన కేబినెట్‌లోనే ఉండిపోతుంది. ఇంత తేలిగ్గా తెరుచుకునేది దొంగకూ తెరుచుకుంటుంది కదా అని తాళం వేసుకునే ఏర్పాటూ చేశారు.

అందరి కళ్లూ రంగు మీదే పడ్డాయి. యాపిల్ డిజైనర్ జానీ ఐవ్ బృందం ఐమ్యాక్‌లో వాడిన పాలీకార్బొనేట్ తళుకునే ఇక్కడా తెచ్చింది. నాకు మాత్రం మూలల్లోని పిడులే ఎక్కువ నచ్చుతాయి. పై రెండూ దాదాపు 13 కిలోల పెట్టెను ఎత్తడానికి, కింది రెండూ నిలబెట్టడానికి. అలంకారంలా కనిపించేదానికి కూడా పని అప్పజెప్పారు.

లోపాలు లేకపోలేదు. మొదటి విడత బోర్డుల్లో డిస్క్ కంట్రోలర్ సరిగా లేక, రెండో డిస్క్ తగిలిస్తే డేటా చెడిపోయే ప్రమాదం ఉండేది. డిస్కులు చేర్చుకొమ్మని తలుపు తెరిచి పిలిచిన యంత్రంలో ఇది చిన్న తప్పు కాదు. తర్వాతి విడతలో సరిదిద్దారు. ఫ్లాపీ, స్కజీ పోర్టు ఒక్కసారిగా తీసేయడంతో పాత పరికరాలున్నవాళ్లు అడాప్టర్ల కోసం తిరిగారు. యంత్రంతోపాటు ఇచ్చిన గుండ్రటి మౌస్ ఎటు తిరిగి ఉందో చేతికి తెలిసేది కాదు.

ప్రాసెసర్ రెండు మూడేళ్లలో పాతబడుతుంది, పడింది కూడా. తలుపు పాతబడలేదు. 1999 ఆగస్టులో వచ్చిన జీ4 రంగు మార్చుకుని ఇదే కేబినెట్‌లో కూర్చుంది. 2001, 2002 మోడళ్లు ముఖం మార్చాయి గానీ ఈ రింగును, కీళ్లను వదల్లేదు. 2004లో అమ్మకాలు ఆగేదాకా ఆ తలుపు అలాగే తెరుచుకుంది.

ఇవాళ దుకాణంలో గాజు పలకలు, రంగు దీపాలు ఇట్టే ఆకట్టుకుంటాయి. డెస్క్‌టాప్ కొనేముందు పక్క పలక ఒక్కసారి తీసి చూపించమనండి. ర్యామ్‌కూ డిస్కుకూ చెయ్యి నేరుగా అందితేనే డబ్బు తీయండి.