మూడక్షరాలు, ఆరు వరసలు

హైదరాబాదు నల్లకుంట నుంచి విద్యానగర్ దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఆ ప్రాంగణంలోనే ఉంది దాయిరతుల్ మఆరిఫ్. పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడానికి 1888లో పుట్టిన సంస్థ. దాని పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇబ్న్ దురైద్ నిఘంటువు ‘జమ్‌హరతుల్ లుగా’.

బస్రాలో పుట్టి, 933లో బాగ్దాదులో కన్నుమూసిన ఈ పండితుడు నిఘంటువును చాలావరకు జ్ఞాపకం నుంచే చెప్పి రాయించాడంటారు. ఆ ధారణకు చేతులెత్తి మొక్కాలి. అంతకన్నా గొప్పది దాని కూర్పు.

‘కబీర్’నే తీసుకోండి. పెద్ద అని అర్థం. ధాతువు క-బ-ర. ‘క’ అక్షరం కాఫ్ దగ్గర వెతికితే దొరకదు. మూడక్షరాలనూ అరబ్బీ వర్ణమాల వరసలో బే, రే, కాఫ్ అని సర్దుకుని, బే దగ్గర చూడాలి. ఆ మూడింటినీ ఎన్ని రకాలుగా తిప్పొచ్చో అన్ని ధాతువులూ, ఆరూ, అక్కడే కాపురం. మనం రోజూ అనే ‘బర్కతు’ ఆ ఇంటిదే. ఒంటె మోకాళ్లు మడిచి కూలబడటం, నీళ్లు నిలిచే కుంట కూడా అదే బ-ర-క ధాతువువే. ఇంకో వరసలో తొలిచూలు బిడ్డ ‘బిక్ర్’, మరోదాంట్లో దుఃఖం ‘కర్బ్’. రౌతు కాలు మోపే రికాబు వేరొక వరసది. అతనికన్నా ముందే అక్షరాలను ఇలా తిప్పి నిఘంటువు కూర్చిన ఖలీల్ దాన్ని గొంతు లోపల పుట్టే ధ్వనులతో మొదలుపెట్టాడు; ఇబ్న్ దురైద్ ఆ తిప్పుడు పద్ధతిని ఉంచి, వరసను మాత్రం అందరికీ తెలిసిన వర్ణమాలకు మార్చాడు. చదివేవాడి మీద ఎంత దయ!

కబీర్ మన ‘పెద్ద’ లాంటిదే. పెద్ద చెట్టుకూ, ఇంటి పెద్దకూ, పెద్ద వయసుకూ చెల్లుతుంది. క్రియలో మాత్రం తేడా చూపిస్తుంది: ‘కబుర’ అంటే ఆకారంలోనో హోదాలోనో పెద్దదవడం, ‘కబిర’ అంటే వయసు మీరడం. అదే ధాతువు నుంచి గర్వం ‘కిబ్ర్’, మహాపాపం ‘కబీరా’. నడుమ ఒక్క అచ్చు జారితే ఘనుడు ముసలివాడవుతాడు.

పలుమార్లు చెప్పి రాయించిన గ్రంథం కనుక ప్రతికీ ప్రతికీ పొంతన కుదరదు. ఆ చిక్కులన్నీ విప్పుకుంటూ ఫ్రిట్జ్ క్రెంకో, జైనుల్ ఆబిదీన్ మూసవీ పరిష్కరించగా, హిజ్రీ 1344లో, అంటే 1925 ప్రాంతంలో, హైదరాబాదులో అచ్చు మొదలైంది. మూడు సంపుటాలు వచ్చాయి. కబీర్ కోసం కాఫ్ దగ్గరే వెతికే మనలాంటివాళ్లకు దారి చూపడానికి, సూచికలతోనే నాలుగో సంపుటం కూడా వేశారు.