ఒకే దెబ్బ, వేర్వేరు పాఠాలు: డిజిటల్ స్నేర్ సాదృశ్యం – పల్నాటి వీరగాథల వాద్యధ్వని

పరిశోధన సంగ్రహం

కంప్యూటర్‌లో సంగీతం కూర్చేవారు ఒక శాంపుల్ లైబ్రరీలోని స్నేర్ డ్రమ్ ధ్వనిని మరో లైబ్రరీలోని స్నేర్ ధ్వనితో సరిపోల్చి, రెండూ ఒకే వాద్యమనిపించేలా దిద్దుతారు. ఈ ప్రక్రియను తాళపత్ర ప్రతుల పాఠపరిష్కరణతో పోల్చి చూడటం, పల్నాటి వీరగాథల గానాన్ని రికార్డింగుల ఆధారంగా అధ్యయనం చేసే పరిశోధకులకు దాని వల్ల ఎదురయ్యే సమస్యను వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం. ధ్వనుల మధ్య భేదాన్ని మాయం చేసే నేర్పు స్టూడియోలో గుణం. అదే నేర్పు ఆధార సామగ్రిలో ప్రవేశిస్తే దోషం అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాటి వీరగాథ, ద్విపద, డప్పు, గుమ్మెట, స్నేర్ డ్రమ్, శాంపుల్ లైబ్రరీ, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కొత్తదే అయినా పల్నాడు అన్న పేరు తెలుగు సాహిత్యానికి చాలా పాతది. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య వైరం కారంపూడి రణరంగంలో ముగిసింది. ఆ వీరులకు కారంపూడిలో గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. వీరవిద్యావంతులు తోలువాద్యమూ తాళమూ తోడుగా అక్కడ ఆ కథను గానం చేస్తారు.

ఈ గానాన్ని గురించి ఇంతవరకు జరిగిన చర్చలో అధికభాగం కథ, కర్తృత్వం, చారిత్రకత, ఛందస్సు అనే నాలుగు అంశాల చుట్టూ తిరిగింది. వాద్యధ్వని ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. రికార్డింగులు విరివిగా లభిస్తున్న ఈ కాలంలో ఆ లోటు సులభంగా తీరుతుందని అనుకోవటం సహజం. అయితే ఆ రికార్డింగుల్లో వినిపించే దెబ్బ ఏ తోలు మీద పడింది? అసలు తోలు మీద పడిందా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా వాద్యాన్ని గురించి తీర్మానాలు చేయటం సాధ్యం కాదు.

2. సాదృశ్యం ఎలా సాధిస్తారు?

సుపీరియర్ డ్రమ్మర్, అడిక్టివ్ డ్రమ్స్, బీఎఫ్‌డీ వంటి సాఫ్ట్‌వేర్లలో అసలు వాద్యం మీద కొట్టిన వేలాది దెబ్బలు విడివిడిగా నమోదై ఉంటాయి. మీట నొక్కినప్పుడు వాటిలో తగిన దెబ్బ పలుకుతుంది. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో దెబ్బ బలాన్ని 1 నుంచి 127 వరకు అంకెలతో సూచిస్తారు. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం లయవాద్యాలకు 35 నుంచి 81 వరకు 47 సంఖ్యలను కేటాయించింది. అందులో 38 స్నేర్ డ్రమ్‌ది, 40 ఎలక్ట్రిక్ స్నేర్‌ది.

ఒక లైబ్రరీలో కూర్చిన పాటను మరో లైబ్రరీకి మార్చినప్పుడు సంఖ్య అదే ఉంటుంది గాని శబ్దం అదే ఉండదు. ఒకదానిలో 100 బలంతో పలికే దెబ్బ గట్టిగా ఉంటే, మరొకదానిలో అదే అంకెకు మధ్యమస్థాయి దెబ్బ పలకవచ్చు. 40వ సంఖ్యను చాలా లైబ్రరీలు ఎలక్ట్రిక్ స్నేర్‌కు కాక, తోలునూ అంచునూ ఒకేసారి తాకే దెబ్బకు వాడుకుంటాయి. లిపి ఒకటే, ఉచ్చారణ వేరు అన్నమాట.

సాంకేతికుడు ముందుగా బలాల వక్రరేఖను సవరిస్తాడు. తరువాత శ్రుతిని సరిచేస్తాడు. స్నేర్ మూలశ్రుతి సాధారణంగా 150 నుంచి 250 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ఆపై నాదం ఎంతసేపట్లో అణగాలో నిర్ణయిస్తాడు. ఇంతవరకు కొలతకు లొంగే పని. రెండు స్నేర్లను ఒకదానిపై ఒకటి పొరలుగా పేర్చినప్పుడు జాగ్రత్త మరింత అవసరం. మూలశ్రుతి 200 హెర్ట్జ్‌లైతే ఒక కంపనానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. రెండో దెబ్బ 2.5 మిల్లీసెకన్లు ఆలస్యమైతే రెండింటి మూలశ్రుతులూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. రెండు వాద్యాలు కలిసి మోగినా ఒక్కదానికన్నా పలుచగా వినిపిస్తాయి.

కొలతకు లొంగనివీ ఉన్నాయి. వాద్యం మోగిన గది ప్రతిధ్వని నమూనాలోనే కలిసి ఉంటే దాన్ని పూర్తిగా విడదీయలేము. కర్ర తోలును తాకీతాకనట్టు పలికే చిరుదెబ్బలు ఒక లైబ్రరీలో ఎన్నో రకాలుగా ఉంటే, మరొకదానిలో పెద్దదెబ్బనే తగ్గించి వినిపిస్తారు. కాబట్టి సాదృశ్యం అంటే అభేదం కాదు. వినేవాడు భేదాన్ని గుర్తించలేనంత దగ్గరితనం మాత్రమే.

3. పరిష్కర్త, సాంకేతికుడు

ఈ పని సాహిత్య విద్యార్థికి కొత్త కాదు. శ్రీనాథ కృతంగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేవారు ప్రతులను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక పాఠాన్ని స్వీకరించినా, భిన్నపాఠాన్ని అధోజ్ఞాపికలో నిలుపుతారు. రేపటి పరిశోధకుడు ఆ నిర్ణయంతో విభేదించే అవకాశం అలా మిగులుతుంది.

స్నేర్ ధ్వనులను సరిపోల్చే సాంకేతికుడూ రెండు ప్రతులను పక్కపక్కన పెడతాడు. భేదాలను గుర్తించటంలో అతని చెవి పరిష్కర్త కన్నుకు తీసిపోదు. కాని లక్ష్యం పూర్తిగా వ్యతిరేకం. పరిష్కర్త భేదాన్ని నమోదు చేయటానికి వెతుకుతాడు. సాంకేతికుడు భేదాన్ని తుడిచివేయటానికి వెతుకుతాడు. అతని పని ఎంత బాగా జరిగితే, పని జరిగిందన్న ఆనవాలు అంత తక్కువగా మిగులుతుంది. పాటకు అది న్యాయమే. ఆ పాటే ఒక సంప్రదాయానికి సాక్ష్యంగా సిద్ధాంతగ్రంథంలోకి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది.

4. పల్నాటి గానంలో వాద్యస్థానం

వాద్యం ఈ గాథకు అలంకారం కాదనటానికి ప్రాచీన సాక్ష్యం ఉంది. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామంలో, వాద్యం వాయిస్తూ పల్నాటి వీరులను గూర్చి ద్విపద పాడే ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆ పద్యంలో కవి వాద్యధ్వనిని అనుకరణ శబ్దాలతో వినిపించి, దాని ద్రుతగతిని, యతితో గానానికి కుదిరిన పొందికను, అక్షరం అక్షరానికీ ఉద్వేగపడే యువకులను ఒక్కచోట చేర్చాడు. దెబ్బ, యతి, శ్రోత అనే మూడింటి సంబంధాన్ని అంత క్లుప్తంగా చెప్పిన వర్ణన అరుదు. ఈ కావ్య కర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వాదం ఎలా తేలినా ఈ సాక్ష్యం విలువ తగ్గదు.

ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. మూడో గణం తొలి అక్షరం యతిస్థానం. పల్నాటి వీరచరిత్ర ప్రాసనియమం లేని మంజరీ ద్విపదలో సాగుతుంది. ప్రాస బంధం లేనిచోట పాదాన్ని పట్టి నిలిపే బరువు యతి మీద, దానితోపాటు దరువు మీద పడుతుంది. గాయకుడు ఊపిరి కోసం ఆగినా, కథలో ఉద్రేకం పెరిగినా దెబ్బ బలం మారుతుంది. 1 నుంచి 127 వరకు ఉన్న అంకెల్లో ఈ మార్పును రాయవచ్చు. కాని గాయకుడి ఊపిరికీ వాదకుడి చేతికీ మధ్య జరిగే సంప్రదింపును రాయలేము.

మౌఖిక పాఠాన్ని గౌరవించిన అధ్యయనంగా జీన్ రోగైర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించిన గ్రంథాన్ని చెప్పుకోవాలి. అలిసెట్టి గాలెయ్య గానం చేసిన కథ దానికి ఆధారం. ఆ గ్రంథంలో గాయకుడు ఎవరో పాఠకుడికి తెలుసు. నేటి రికార్డింగుల్లో గాయకుడి పేరైనా ఉంటుంది గాని, దరువు ఎవరిదో, ఎక్కడిదో చాలాసార్లు తెలియదు.

గుంటూరు ప్రాంతపు షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి ఊరూరా వినిపించారు. బుర్రకథలో కథకుడి చేతిలో తంబుర, వేలికి అందెలు ఉంటాయి. వంతలు గుమ్మెటలు వాయిస్తారు. గుమ్మెట ఒకవైపు తోలు, మరోవైపు తెరిచిన నోరు ఉన్న వాద్యం. ఆ నోటిని అరచేతితో మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం వంగుతుంది. అది దెబ్బ పడిన తరువాత చేయి చేసే పని. ముందే ముగిసిపోయిన దెబ్బను మీటతో పిలిచే పద్ధతిలో దానికి చోటు దొరకటం కష్టం.

5. డప్పు స్థానంలో స్నేర్

జనరల్ మిడి కేటాయించిన 47 సంఖ్యల్లో బోంగో, కోంగా, క్యూకా, గీరో వంటి లాటిన్ అమెరికా వాద్యాలకు చోటుంది. డప్పుకు, గుమ్మెటకు, పంబకు లేదు. సంఖ్య లేని వాద్యాన్ని సరిపోల్చటానికి ప్రమాణమే లేదు. అందువల్ల డప్పు నమూనా చేతిలో లేని కూర్పరికి దగ్గరి దారి 38వ సంఖ్య. స్నేర్ పదునును ఒక లోతైన డ్రమ్ నాదంతో కలిపితే డప్పు వంటి దరువు తయారవుతుంది.

ఈ రెండు వాద్యాల పదునుకు మూలం వేరు. స్నేర్‌కు రెండు ముఖాలు. కింది తోలుకు ఆనుకొని ఉన్న సన్నని లోహపు తీగలు అదిరి చరచరమనే శబ్దాన్నిస్తాయి. డప్పు ఒంటిముఖపు వాద్యం. దానికి తీగలు లేవు. కుడిచేతి సిర్ర బరువైన దెబ్బనూ, ఎడమచేతి సిటికెన పుల్ల సన్నని దెబ్బనూ ఇస్తాయి. పదును పుల్లలోనూ, మంటసెగకు కాగి బిగిసిన తోలులోనూ ఉంది.

సెగ విషయం ఇక్కడ ముఖ్యం. కాగిన తోలు వాయిస్తున్నకొద్దీ చల్లబడి సడలుతుంది. నాదం దిగుతుంది. వాదకుడు మళ్ళీ మంట దగ్గరికి వెళతాడు. అంటే డప్పుకు ఒక శ్రుతి ఉండదు. ఒక రాత్రి పొడవునా ఎక్కుతూ దిగుతూ ఉండే శ్రుతిక్రమం ఉంటుంది. శాంపుల్ ఆ క్రమంలోంచి ఒక్క క్షణాన్ని పట్టుకొని స్థిరం చేస్తుంది. రెండు లైబ్రరీల స్నేర్లు సరిపోలకపోతే పాటలో అతుకు కనిపిస్తుంది. డప్పు మాత్రం తనతో తానే సరిపోలని వాద్యం. ఆ సరిపోలనితనమే దాని జీవం.

మహాశివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల ముందు దరువు వేసిన చేతులకు కులం ఉంది, కూలి ఉంది, నేర్పు ఉంది. 38వ సంఖ్యకు ఇవేవీ లేవు. స్పీకర్ల పెట్టెలోంచి వచ్చే దరువు ‘అచ్చం డప్పులాగే ఉంది’ అన్నప్పుడు, ఆ ‘లాగే’ అన్న మాటలో వాదకుడి అవసరం లేకుండా పోతోంది. ఈ నష్టాన్ని శబ్దశాస్త్రం లెక్కకట్టదు. సాహిత్య విమర్శ లెక్కకట్టాలి.

6. ప్రతివాద పరిశీలన

ఈ వాదానికి ఎదురు చెప్పదగినవి రెండున్నాయి. సంప్రదాయం ఎన్నడూ స్వచ్ఛంగా లేదన్నది మొదటిది. బుర్రకథ మైకును స్వీకరించింది. 1947లోనూ 1966లోనూ వచ్చిన పల్నాటి యుద్ధం చిత్రాలు ఈ కథను సినిమా వాద్యగోష్ఠిలోకి తెచ్చాయి. కాబట్టి స్నేర్‌ను మాత్రమే తప్పుపట్టటం ఎందుకు? ఈ ఆక్షేపణ సమంజసమే. అయితే ఆ చిత్రాలు విన్నవారెవరూ అది కారంపూడి గానమని అనుకోలేదు. మార్పు తన పేరుతోనే వచ్చింది. ఇక్కడ అభ్యంతరం మార్పు మీద కాదు, మారుపేరు మీద.

రెండోది, దెబ్బతిన్న పాత రికార్డింగును బాగుచేయటానికి ఈ నేర్పే అవసరం కదా అన్నది. నిజమే. శిథిల ప్రతిలోని లోపించిన అక్షరాన్ని పూరించటం వంటిదే అది. అయితే పూరించిన అక్షరాన్ని కుండలీకరణంలో ఉంచటం పరిష్కర్తల నియమం. పూరించిన దెబ్బకు కూడా అటువంటి గుర్తు ఉండాలి.

7. ముగింపు

రికార్డింగును ఆధారంగా తీసుకునే పరిశోధకుడు మూడు పరీక్షలు చేయవచ్చు. దరువులో వెంటవెంట వచ్చే దెబ్బల తరంగరూపాలు అచ్చుగుద్దినట్టు ఒకటేనా? గంటసేపు సాగిన గానంలో తోలు శ్రుతి ఏమాత్రం దిగలేదా? గాయకుడు ఆగినప్పుడు కూడా దరువు గడియారంలా నడిచిందా? మూడింటికీ అవునని సమాధానం వస్తే, ఆ వాద్యాన్ని గూర్చి రాయటానికి ముందు కూర్పరిని విచారించాలి. లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింత కూడదు. మంచి లైబ్రరీలు ఒకే దెబ్బకు పలు నమూనాలను వంతులవారీగా వాడి మొదటి పరీక్షను దాటగలవు.

శాంపుల్ పద్ధతిని నిరాకరించటం దీనికి పరిష్కారం కాదు. పల్నాటి వాద్యాలకు నమూనాధ్వనుల సంచయాన్ని విశ్వవిద్యాలయ జానపద శాఖలు తయారుచేయవచ్చు. కాచిన వెంటనే, వాయిస్తుండగా, సడలిన తరువాత పలికే దెబ్బలను విడివిడిగా నమోదు చేయాలి. దెబ్బల పేర్లు వాదకులు పిలిచే మాటల్లోనే ఉండాలి. వాదకుడి అనుమతి, పేరు, పారితోషికం ఆ నమోదులో భాగం కావాలి. అప్పుడు ఆ సంచయం ఒక వాద్యానికి ప్రత్యామ్నాయంగా కాక, పాఠభేదాలతో కూడిన శుద్ధప్రతిగా నిలుస్తుంది. తెలుగు పరిష్కర్తలు అక్షరానికి ఇచ్చిన గౌరవం దెబ్బకూ దక్కాలి.