మెలిండా మాట్లాడదు

పద్నాలుగేళ్ల పిల్లలు చదివే నవలలో అత్యాచారం గురించి రాయొచ్చా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. రాయాలి. ఎలా రాయాలన్న దగ్గరే కష్టమంతా ఉంది. ఆ కష్టం తెలిసిన రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్. 1999లో వచ్చిన ఆమె నవల 'స్పీక్'ను ఇలాంటి కథలు రాయాలనుకునేవాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాలి.

అమెరికాలో సిరక్యూస్ అనే ఊళ్లో హైస్కూలు. మెలిండా తొమ్మిదో తరగతిలో చేరేనాటికే స్నేహితులంతా మొహం చాటేశారు. వేసవి సెలవుల్లో ఒక పార్టీకి పోలీసులను పిలిపించిందని వాళ్ల కోపం. ఎందుకు పిలిచావని ఎవరూ అడగరు. ఆమె చెప్పదు, మనకూ చెప్పదు. పుస్తకం సగం దాటాక గానీ ఆ రాత్రి సంగతి పూర్తిగా బయటపడదు.

ఆ జ్ఞాపకం దగ్గరికి వెళ్లడానికి మెలిండాకే ధైర్యం లేదు, అందుకే కథ కూడా వెళ్లదు. దాడి చేసినవాడి పేరు పలకలేక 'అది' అంటుంది. పెదవులు కొరికి కొరికి పుండు చేసుకుంటుంది. ప్రిన్సిపల్ ముందు అమ్మానాన్నలు కూర్చున్న సన్నివేశాన్ని ఆండర్సన్ నాటకంలా రాశారు. పెద్దవాళ్ల పేర్లు, వాటి పక్కన వాళ్ల మాటలు. 'నేను' అన్న చోట మాత్రం పక్కన ఖాళీ. నోరు పెగలకపోవడమంటే ఏమిటో చెప్పడానికి ఒక పేజీ వర్ణన రాసినా అంత పని చేయదు.

నాకు అంతకంటే విలువైనదిగా తోచేది మెలిండా చమత్కారం. జుట్టు మొహం మీద పడే ఇంగ్లీషు టీచరుకు 'హెయిర్‌వుమన్' అని పేరు పెడుతుంది. దెబ్బతిన్న పిల్ల పొద్దస్తమానం ఏడుస్తూ కూర్చోదు. జాలి ఎక్కువైన రచయితలు ఇక్కడే తప్పటడుగు వేస్తారు, పిల్లను పక్కన పెట్టి గాయాన్నే పాత్రగా చేస్తారు. డ్రాయింగ్ మాస్టారు ఫ్రీమన్ కూడా ఆమెను ఉద్ధరించడు. ఏడాదంతా చెట్టు బొమ్మ వేయమంటాడు, అడిగి వేధించడు, అంతే.

మన దగ్గర గోగు శ్యామల కథలో బాలమణి ఉంది. పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లిన చిన్నపిల్ల. మీద పడబోయిన దొర మీద తిరగబడుతుంది. అక్కడా రచయిత్రి పక్కన నిలబడి నీతి చెప్పదు. పిల్లల కథ చివర నీతి అతికించకపోతే తోచని మన అలవాటుకు ఆ కథ మంచి మందు.

2010లో మిస్సోరీలో ఒక ప్రొఫెసర్ 'స్పీక్' అశ్లీలమని పత్రికకు రాశారు. అప్పటికే ఆండర్సన్‌కు పదేళ్లుగా పిల్లల ఉత్తరాలు అందుతున్నాయి. తమకూ అలాగే జరిగిందని, ఇంతవరకూ ఎవరితోనూ అనలేదని వాటిలో రాసుకున్నారు. ఆ ఉత్తరాల్లోని మాటలనే ఏరి ఆమె ఒక కవిత కూర్చారు. తనపై పదమూడో ఏట జరిగిన అత్యాచారం గురించి 2019లో 'షౌట్' అనే పుస్తకంలో ఆమే రాశారు.