రెండంచెల అట్ట రాకెట్

విశాఖ ఉక్కునగరంలో ఏ లెక్కైనా టన్నుల్లోనే. రెండంచెల మోడల్ రాకెట్ కిట్ విప్పితే మాత్రం లోహం దాదాపు కనిపించదు. అట్ట గొట్టాలు, బాల్సా చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, మడతపెట్టిన పారాచూట్, అంతే.

పనితనమంతా రెక్కల దగ్గరే తెలిసిపోతుంది. చెక్క పోగు రెక్క ముందంచు వెంటే సాగాలి. అడ్డంగా పోతే నేలకు తగలగానే విరుగుతుంది. గరుకు కాగితంతో అంచులు గుండ్రంగా రుద్ది, నిటారుగా అతికించి, మూలలో జిగురును వేలికొసతో నున్నగా లాగాలి. ఓపికగా లాగిన ఆ జిగురు గీత ఎంత ముచ్చటగా ఉంటుందో!

మరో అద్భుతం లోపల ఉంది. సి6-0 అనే కింది మోటారులో ఆ సున్నాకి అర్థం, జాగు లేదని. మందు అయిపోగానే నిప్పురవ్వలు పై మోటారు నాజిల్‌లోకి చిమ్మి దాన్ని అంటిస్తాయి. రెండింటినీ పట్టి ఉంచేది ఒక చుట్టు టేపు! పైన సి6-7 పెడితే, మండడం ఆగిన సుమారు 7 సెకన్లకు పారాచూట్ బయటికొస్తుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరే ఇస్రో సౌండింగ్ రాకెట్ ఆర్‌హెచ్-560 కూడా రెండంచెలదే.

విశాఖలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. రాకెట్ గాలికి ఎదురుగా వంగుతుంది, పై అంచె ఆ వంపులోనే దూసుకుపోతుంది. అందుకే గాలి తక్కువగా ఉండే ఉదయం వేళే ఎగరేయాలి.